రోకలి పొన్ను తొడిగిన కట్టె

నిరుడు అడవిలో జరిగే సలేశ్వరం జాతరలో లోయ దిగుతుంటే గుర్వమ్మ మోకాలు పట్టేసింది. మరిది మారయ్య ఆమెను వీపున వేసుకుని పైకి తెచ్చాడు. అంతవరకు నిజమే. అయితే కల్వకుర్తి దగ్గరి వాళ్ల పల్లెకు చేరాక ఆ కథకు ఎరువు తగిలింది. వానాకాలానికి అందులోకి ఎలుగుబంటి వచ్చింది. దసరాకు పులి కూడా వచ్చి, మారయ్య బలం చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది. గుర్వమ్మ బరువు పెరిగి పెరిగి జొన్నల బండి అంతయింది.

ఈసారి తన కాళ్లతోనే దిగి, తన కాళ్లతోనే ఎక్కాలని గుర్వమ్మ పట్టుబట్టింది. లేకుంటే ఆ పులి వచ్చే ఏటికి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేట్టుంది.

అడవిని కాసే జంగ్లాతు జవాను అడగడానికి వీల్లేకుండా, ఊతకట్టె కోసం సొంత చేను గట్టుమీదే ఊడుగ చెట్టు కొమ్మ కొట్టింది. అదీ అమావాస్య ముందు. అప్పుడు కొట్టిన కట్టెకు పురుగు పట్టదు. తోలు తీసి, వేడి బూడిదలో కాచి, వంకరున్న చోట వేపచెట్టు పంగలో ఇరికించి సాపు చేసింది. పొయ్యి మీద పొగకు వేలాడదీసింది. ఆముదం తాగించింది. విరిగిన రోకలి కొసకున్న ఇనుప పొన్ను ఊడదీసి కట్టె అడుగున బిగించింది.

నిలబెడితే కట్టె ఆమె నుదురు దాకా వచ్చింది. మగవాళ్ల కట్టెలన్నీ నడుము దాకానే. జాతరకు బండి కట్టిన రోజు మారయ్య దాన్ని కిందికీ మీదికీ చూశాడు.

“వదినె, గిది నడవనీకా, జెండా కట్టనీకా? పొన్ను గూడ ఏస్తివి, దంచనీకి వడ్లు తెచ్చుకున్నవా?”

బండెడు జనం నవ్వారు. సగానికి కొట్టేస్తానని అతను గొడ్డలి తీస్తే, గుర్వమ్మ కట్టెను అవతలి పక్కకు మార్చుకుంది.

“నిరుడు మీ అన్న కట్టె తీస్కపోయిన. మీది బండ మీద నిలబడితే కింది బండకు అందకపాయె. గందుకే మోకాలు పోయింది. గిది అందుతది.”

అడవి అంచున బండి ఆపి నడక మొదలుపెట్టారు. లోయ అంచుకు చేరాక “వస్తున్నం లింగమయ్యా” అంటూ జనం దిగసాగారు. గుర్వమ్మ కట్టెను ముందు కింది బండకు దించేది, పొన్ను పాచిలో కరుచుకునేది, అప్పుడు కాలు వేసేది. ఆమె వెనకే మారయ్య తన పొట్టి కట్టె ఆనించడానికి నడుం వంచాడు. కట్టె అందలేదు గాని మారయ్య మాత్రం కిందికి చేరాడు. నీళ్ల మడుగులో కూలబడి, మడమ పట్టుకుని ఆకాశం చూశాడు.

గుర్వమ్మ కింద గుహలో లింగమయ్య దర్శనం చేసుకుంది. ఎక్కేటప్పుడు ఒక్కో బండ ఎక్కి, నిలదొక్కుకుని, కట్టె చివర కిందికి చాచింది. మారయ్య దాన్ని పట్టుకుని కుంటుతూ వెంట వచ్చాడు. పైకి చేరాక ఆమె “పోయొస్తం లింగమయ్యా” అని ఒక్క కేక వేసింది. ఎదుటి కొండకు తగిలి ఆ కేక తిరిగొచ్చే లోపల సద్దిమూట విప్పి సగం తినేసిందట.

ఊళ్లో చెప్పవద్దని మారయ్య బతిమాలాడు.

“నేనెందుకు చెప్త? నువ్వే చెప్పాలె. ఎలుగు లేదు, పులి లేదు. తడిబండ ఒక్కటే ఉంది.”

ఊరు చేరాక అతను చెప్పాడు. కట్టెను ఒళ్లో పెట్టుకుని గుర్వమ్మ ఎదురుగానే కూర్చుంది. ఎలుగు వైపు మాట మళ్లినప్పుడల్లా పొన్నుతో నేల తట్టింది. వానలు పడేసరికి ఆ కథలో కట్టె తాటిచెట్టంత అయింది. దానికి మాత్రం ఆమె తట్టలేదు.