ఎండ వెనకాల తాడు

డ్రమ్ము నిండితే తప్ప అమ్మ వాషింగ్ మెషిన్ ఆన్ చెయ్యదు. వేడినీళ్ళ మీట జోలికి అసలే పోదు. నిన్న రెండు తువ్వాళ్ళు తక్కువయ్యాయని ఆపేసింది. దాంతో చిన్నకూతురి తెల్లచొక్కా ఇవాళ పదింటికి గానీ ఉతికి బయటికి రాలేదు.

రెండింటికి ఇంటర్వ్యూ. రిసెప్షన్లో కూర్చునే ఉద్యోగం, తెల్లచొక్కా తప్పనిసరి. ఇదీ పోతే రేపట్నుంచి బాబాయి రంగుల కొట్లో కూర్చోవాలి. కాలేజీ మానేసిన రోజే ఇంట్లో అలా తేల్చేశారు.

"డ్రయ్యర్లో పది నిమిషాలు తిప్పమ్మా, నీకు దణ్ణం పెడతా!"

"ఒక్క చొక్కాకి అంత కరెంటా? తాడు మీద వెయ్యి. ఎండెక్కడుందో అదే చూసుకుంటుంది."

అదీ నిజమే. మబ్బు పడితే వాళ్ళింటి తాడు కొక్కేలు విడిపించుకుని, బట్టలతో సహా ఎండని వెతుక్కుంటూ పోతుంది. సాయంత్రానికి తిరిగొస్తుంది. వీధిలోవాళ్ళు తల వంచి దారిస్తారు, అంతే.

ఇవాళ మబ్బు దట్టంగా ఉంది. తాడు డాబా దిగింది. చిన్నది చెప్పులేసుకుని వెనకాలే పరుగు.

"అటెళ్ళింది!" అన్నాడు టైలరు, మిషన్ ఆపకుండానే. "మీ నాన్న ప్యాంటు నా మొహాన కొట్టి మరీ వెళ్ళింది!"

బస్టాండులో ఆగలేదు. మార్కెట్లోనూ ఆగలేదు. చివరికి ఏటి ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డు ముందు దుప్పటంత ఎండ కనిపిస్తే, రెండు స్తంభాల మధ్య కట్టేసుకుంది.

చొక్కా ఇంకా తడే. చిన్నది దాని చుట్టూ తిరిగింది. పిండింది. ఊదింది. మళ్ళీ తిరిగింది.

ఇంజన్ మీద వంగిన మెకానిక్ ఆవిడ తలెత్తింది. "నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయమ్మా. ఆరేదాకా ఈ లైటన్నా పట్టుకో."

పట్టుకుంది. ఇంజన్ స్టార్టవగానే మొహం చిట్లించింది.

"నాలుగు దెబ్బల్లో ఒకటి మింగేస్తోందండీ."

"ఏదీ?"

"మూడోది."

ఆవిడ విప్పి చూసింది. మూడో సిలిండర్లో వాల్వు ఇరుక్కుపోయి ఉంది. "వారం నుంచి దీంతో చస్తున్నా. ఆ పానా ఇలా ఇయ్యి."

చొక్కా ఎప్పుడు ఆరిందో చిన్నది చూడలేదు. ఆవిడే గుర్తుచేసింది. "ఒకటిన్నరయింది. వెళ్ళవా?"

చొక్కా తీసి టీషర్టు మీదే తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంటూ గేటు దాకా నడిచింది. వెనక ఇంజన్ గొంతు మారింది. వెనక్కొచ్చి చొక్కా చేతులు పైకి మడిచింది.

"ఈసారి రెండోదండీ."

సాయంత్రం తాడుతో పాటే ఇంటికొచ్చింది.

"ఏమన్నారే?"

"ఇంటర్వ్యూకి వెళ్ళలేదమ్మా. పడవల షెడ్డులో పనికి రమ్మన్నారు. ఎనిమిదింటికి."

"మీ బాబాయికి ఏం చెప్పను?"

"కొట్టుకి ఇంకెవర్నన్నా చూసుకోమను."

అమ్మ చూపు చొక్కా మీద పడింది. చొక్కా నిండా నల్లటి వేళ్ళ ముద్రలు. "విప్పియ్యి, నానేస్తా."

"వద్దు. రేపు కూడా ఇదే వేసుకెళ్తా."

విప్పిచ్చిన చొక్కా అమ్మ అందుకుంది. వాసన చూసింది. ఓసారి దులిపి, తలుపు పక్క మేకుకి తగిలించింది.