దాలమ్మత్త రాయించిన కార్డు

1944 వేసవిలో గంగులు దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. గంగులు మా దాలమ్మ మేనత్తకు ఒక్కడే కొడుకు. పటాలంలో చేరి ఏడాదైంది. విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకడం రావల్పిండి దగ్గర నేర్పుతున్నారట. మా నౌపడ వైపు మా కుటుంబాల్లో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అత్తకు వచ్చిన ఉత్తరాలు చదవడం, జవాబు రాయడం నా పని.

'వచ్చే నెల మొదట్లో మొదటిసారి దూకుతాము. గొడుగు దానంతటదే విచ్చుకుంటుంది. భయమంతా నేల దగ్గరే. పాదాలూ మోకాళ్ళూ జోడించి, కొంచెం వంచి, నేల తగలగానే పక్కకి దొర్లాలి. ఒక్క కాలు ముందు చాపితే విరుగుతుందని సార్జెంటు రోజూ చెబుతున్నాడు. అమ్మకి ధైర్యం చెప్పు బావా' అని రాశాడు.

అత్త చేట పక్కన పెట్టింది.

"రొండు కాళ్ళూ ఒక్కపాలేనా? కొత్త నేల మీద దిగతన్నాడు. కుడికాలు ముందెట్టమని రాయి."

"అలా సెయ్యొద్దంతన్నారత్తా అక్కడి దొరలు."

"ఆళ్ళ అమ్మలు ఆళ్ళకి సెప్పలేదు కాబోలు. నాను సెప్పింది రాయరా. నీకేటి, సదువెక్కువయిందా?"

ఆ మాటకి నొచ్చుకున్నాను. పెద్దల మాట ఉన్నదున్నట్టు రాయడమే నా ధర్మమనుకున్నాను. అత్త మాట రాశాక కార్డు అడుగున ఇంకా చోటుంది. 'సార్జెంటు చెప్పినట్టే చెయ్యి' అని నా తరఫున ఒక్క ముక్క రాయవచ్చు. రాయలేదు. అత్తకి చదువు రాదు కాబట్టి, ఆమె వెనక రాస్తే మోసమవుతుందనిపించింది. స్టేషను దగ్గరి పోస్టు డబ్బాలో కార్డు వేసి వచ్చాను.

మరుసటి ఏడు ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యేసరికి గంగులు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. కుడికాలు రెండుచోట్ల విరిగి, వంకరగా అతుక్కుంది. పటాలం వాళ్ళు ఇక పనికిరావన్నారు. గట్టు మీద కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"కార్డు అందిందా?"

"అందింది. కిందకొచ్చీసరికి నేలే మన మీదకి ఉరుకుతన్నట్టుంటాది బావా. సార్జెంటు మాట ఎగిరిపోనాది. అమ్మే గుర్తొచ్చింది."

"నేను కింద ఒక ముక్క రాసుంటే?"

గంగులు వంకర కాలిని చేత్తో పక్కకి జరుపుకున్నాడు.

"నీ మాటైతే ఇనేవోణ్ణి. నువ్వు సదువుకున్నోడివి కదేటి."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

బురదలో ఆ కాలు నిలవదు. వాళ్ళ మడి దమ్ము చెయ్యడానికి ఆ ఏడు పరాయివాణ్ణి పెట్టారు. అతను ఎడ్లని అదిలించినప్పుడల్లా గంగులు గట్టు మీద సగం లేచి, మళ్ళీ కూర్చునేవాడు.