తొట్టి కింద పరిచిన కాగితం

అత్తగారికి ప్లంబరు మీద నమ్మకం కుదరలేదు. మాట తక్కువ, చెయ్యి చురుకు. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలన్నది ఆవిడ సిద్ధాంతం. పైగా కిందివాటాలో ఉండే ఇంటి యజమాని నిన్ననే తెగేసి చెప్పాడు, మీ స్నానాలగది నీళ్ళు మా కప్పులోంచి ఇంకొక్క చుక్క కారినా ఇల్లు ఖాళీ చెయ్యండి అని.

అందుకే ఈ తొట్టి. నేల పగలగొట్టకుండా, స్నానం చేసే మూలలో జానెడెత్తు కాళ్ళ మీద వెడల్పాటి లోతులేని తొట్టి నిలబెట్టి, దాని కిందినుంచే గొట్టం బయటికి తీశాడు ప్లంబరు. గోడ వెంట అంచులకు తెల్లటి బంక పూశాడు. చివర్లో గొట్టం అతుకు కింద పొడి కాగితం ఒకటి పరిచి, తొట్టి ముందువైపు పలక ఆనించి, "భోంచేసొచ్చి నీళ్ళు పోసి చూస్తానమ్మా," అని మెట్లు దిగాడు.

"కాగితం ఎందుకే?" అంది అత్తగారు కోడలితో. "కారేది పీల్చుకోడానికి కాకపోతే."

"వచ్చాక ఆయన్నే అడుగుదాం అత్తయ్యా."

"దొంగనడిగితే దొంగతనం చెప్తాడటే?"

కోడలు వంటింట్లోకి వెళ్ళగానే ఆవిడ పలక పక్కకు జరిపింది. స్వామీ, నువ్వే చూస్తున్నావు, అనుకుంటూ చెయ్యి లోపలికి పెట్టి, అతుకు దగ్గరి నట్టు బిగుతుగా ఉందో లేదో తిప్పి చూసింది. కదిలింది. వెధవ, వదులుగానే వదిలేశాడు, అనుకుని, ఎలా ఉన్నదాన్ని అలాగే తిప్పి పలక మూసేసింది.

ప్లంబరు వచ్చి రెండు బకెట్లు పోశాడు. పలక తీస్తే కాగితం మీద అరచెయ్యంత తడి.

"చుక్క పడినా తెలియాలనే పరిచానమ్మా," అన్నాడు వాడిన ముఖంతో. "బిగించి, మళ్ళీ చూసుకున్నాను కూడా. గొట్టమే చీలుంటుంది. తొట్టి మొత్తం లేపాలి. కింద ఆయనకి నేనే చెప్తాలెండి, తప్పు నాదని."

బంక కొయ్యడానికి కత్తి తీశాడు. నే చెప్పలేదూ అన్న మాట అత్తగారి నాలుక చివరిదాకా వచ్చింది. స్వామి చూసినదాంట్లో తన చెయ్యి కూడా ఉందని అప్పుడు తట్టింది.

"కత్తి ఆపు నాయనా. ఆ నట్టు నేను తిప్పాను."

గుమ్మంలో నిలబడ్డ కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏ వైపుకమ్మా?"

"రెండు వైపులా."

అతను కత్తి కింద పెట్టాడు. "ఇరవయ్యేళ్ళ పని మీద మీకు పావుగంట కూడా నమ్మకం లేకపోయింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది.

నట్టు బిగించాడు. కొత్త కాగితం పరిచాడు. కోడలు మూడు బకెట్లు పోసింది.

"చెయ్యి పెట్టి చూడండమ్మా," అన్నాడు తను వంగి కాగితం చూసి, పక్కకు జరిగి.

పక్కనే పీట మీద కూర్చున్న ఆవిడ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. "నువ్వు చూశావుగా," అంది.