బట్టీ దగ్గర పాడే పాట

యుద్ధం ముగిసిన ఆ ఆగస్టులో, ఇక జర్మనీకీ మనకీ నీసా నదే సరిహద్దని వీధి చివర లౌడ్‌స్పీకర్లో చెబుతున్నప్పుడు నేను మోచేతుల దాకా పిండిలో ఉన్నాను. మా ఆయన జెనెక్ బయటినుంచి పరుగెత్తుకొచ్చి, నన్ను అమాంతం ఎత్తి పిండి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఇక ఇది మన ఇల్లే, స్తెఫ్కా. నదికి ఇటువైపంతా పోలండేనట. పెద్ద దేశాల వాళ్ళు కూర్చుని తేల్చేశారు."

"రొట్టెల బట్టీ కూడానా?"

"బట్టీ, కోళ్ళు, ప్లమ్ చెట్టు, నువ్వు రోజూ తోముకునే ఆ ఇత్తడి కుళాయి, అన్నీ."

కుళాయి మాట వినగానే నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. అది తిప్పితే పిచుకలా కూస్తుంది. పెళ్ళి చేసుకుని ఒక్క పెట్టెతో వచ్చిన మాకు ఈ ఇంట్లో అన్నీ ముద్దొచ్చేవి. ఈకల దుప్పటి, నీలం పువ్వుల కప్పులు, మెట్ల కింద ప్లమ్ జామ్ సీసాలు. నా వేలికి ఉన్న ఉంగరం కూడా జెనెక్ తుపాకీ గుండు ఇత్తడి తొడుగు కోసి చేసిందే.

జామ్ వండినావిడ బట్టీ ముందు నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆమె పేరు ఒటీలియా. మొన్నటిదాకా ఈ ఇల్లు ఆమెది. జెనెక్ మాటలు ఆమెకు అర్థం కాలేదు. నేను కాలేజీలో జర్మన్ చదువుకున్నాను కాబట్టి నేనే చెప్పాను.

"నది సరిహద్దయింది, ఒటీలియా."

"ఏ నదమ్మగారూ?"

"ఈ నదే."

"మరి చేపలకి ఎవరు చెప్తారు?" అంది.

నేను పగలబడి నవ్వాను. జెనెక్‌కి చెబితే తనూ నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆ వీధిలో జర్మన్లందరినీ జూన్‌లోనే తోలేశారు. తలుపులకు తాళంచెవులు వదిలేసి, మూటలతో నది దాటారు. మనవాళ్ళకు రాని పని తెలిసినవాళ్ళు మాత్రం ఉండొచ్చన్నారు. వంతెన కాసే సైనికులకు రొట్టెలు ఇక్కణ్ణుంచే వెళ్ళాలి. పాతకాలపు ఆ బట్టీ ఒటీలియా మాట తప్ప ఎవరి మాటా వినదు. అందుకే ఆమెను ఉంచారు. ఆమె కోరుకున్నదీ అదే. చలికాలంలో రష్యా సైనికులు ఆమె కూతురు ఎర్ణాని పనికని తూర్పుకి తీసుకుపోయారు.

"తిరిగొస్తే తూర్పు నుంచే వస్తుంది కదమ్మగారూ. ఈ గుమ్మానికే వస్తుంది. నేను నది అవతల ఉంటే దాన్ని దాటనిస్తారా? అసలు నేను బతికున్నానని దానికి ఎవరు చెప్తారు?"

నేను ఆమె దగ్గర అన్నీ నేర్చుకున్నాను. పులిసిన పిండిని మర్నాటికి దాచడం, ముద్దలు చుట్టడం, పొడవాటి చెక్కతో లోపలికి తోయడం. ఒక్కటే రాలేదు. నేను కాల్చినవి అడుగు మాడేవి, లేదా లోపల పచ్చిగా ఉండేవి. ఒటీలియా మాత్రం నిప్పులు ఊడ్చేశాక బట్టీలో చెయ్యి పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో అనుకునేది. అది అయ్యేదాకా చెయ్యి తట్టుకుంటే వేడి సరిపోయినట్టు. నేను దగ్గరికి వెళ్ళగానే పెదవులు ఆగిపోయేవి.

"ఏం అనుకుంటావు?" అని బతిమాలాను.

"అది కూడా చెప్పేస్తే ఇక నాతో మీకేం పని?"

"నేనుండగా నిన్ను ఎవరు పంపిస్తారు? ఒట్టు."

ఒకరోజు పొద్దున పులిసిన పిండి వాసనకి నాకు వాంతి వచ్చింది. ఒటీలియా నా ముఖం చూసి, వీపు నిమిరి, మొదటిసారి నవ్వింది. "నెల తప్పిందా తల్లీ?" అంది. అమ్మగారూ అనడం మరిచిపోయింది. నన్ను బట్టీ ముందుకి లాక్కెళ్ళి, నా చెయ్యి లోపలికి పెట్టించి, చెవిలో పాడింది. అది జోలపాట. ఎర్ణాకి పాడిందట.

"నీ బిడ్డకీ పనికొస్తుంది," అంది.

ఆ రోజు రొట్టెలన్నీ నేనే కాల్చాను. ఒక్కటి మాడితే ఒట్టు. తడితే డోలులా మోగాయి. సాయంత్రం జెనెక్ రాగానే ఒకే ఊపిరిలో రెండు కబుర్లూ చెప్పాను, బిడ్డ సంగతీ, పాట సంగతీ. తను నన్ను గిరగిరా తిప్పి దింపాడు.

"అయితే నీకు మొత్తం వచ్చేసినట్టేనా?"

"కావాలంటే ఆవిణ్ణే అడుగు."

"ఆవిణ్ణి ఎందుకు? వంతెన దగ్గరి కమాండర్‌తో చెప్తా, ఇక ఈవిడ అక్కర్లేదని. ఆవిడుండే పై గది ఖాళీ అవుతుంది. మీ అమ్మని ఎక్కడ పడుకోబెడతాం?"

తూర్పున మా పుట్టింటి ఊరు ల్వూఫ్ కొత్త సరిహద్దుల్లో రష్యా వైపుకి పోయింది. అమ్మ ఇల్లు వదిలేసి పశువుల రైలుపెట్టెలో వస్తోంది. ఆ పాటలో చివరి చరణం నాకింకా రాలేదని అబద్ధం చెప్పొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పై గదిలో పొద్దుటి ఎండ పడుతుంది. అమ్మకు కీళ్ళ నొప్పులు.

"ఆవిణ్ణి ఈకల దుప్పటి పట్టుకెళ్ళనిస్తారా?" అని మాత్రం అడిగాను.

"చేత్తో మోయగలిగినంతే."

"అయితే ఆవిడ దాన్ని మోయలేదులే."

నేను వెళ్ళి చెప్పేసరికి ఒటీలియా మర్నాటి పిండి పులియబెడుతోంది.

"రేపేనా?"

"రేపే."

"ఎర్ణా వస్తే..."

"చెప్తాను."

"ఏమని చెప్తారు? నేనెక్కడుంటానో నాకే తెలీదు కదా."

నదికి అవతల అని చెప్తానన్నాను. ఆమె నన్ను ఒట్టు వెయ్యమనలేదు. పిండి మీద తడిబట్ట కప్పి, అంచులు సర్దింది.

"చెయ్యి లోపల పెట్టేముందు ఆ ఉంగరం తీసెయ్యండి, అమ్మగారూ. ముందు కాలేది ఇత్తడే."

జెనెక్ గుమ్మంలోంచి కేకేశాడు. "రేపు పొద్దున నేను ఈవిణ్ణి వంతెన దగ్గర అప్పజెప్పి వస్తా. నువ్వు ఈలోగా బట్టీ రాజెయ్యి. మధ్యాహ్నం రైలుకి అత్తయ్య దిగుతుంది, స్టేషన్‌కి వేడి రొట్టె పట్టుకెళ్దాం. ఆ ప్లమ్ జామ్ సీసా కూడా ఒకటి తీసి పెట్టు."