రెండో ప్రశ్న

నేను హైస్కూల్లో పౌరశాస్త్రం చెబుతాను. ప్రభుత్వానికి మూడు శాఖలు, ఒకదానికి ఇంకొకటి కాపలా, చట్టం ముందు అందరూ సమానం. ఈ మాటలు పిల్లల చేత వల్లె వేయించి జీతం తీసుకుంటున్నాను. ఫెడరల్ కోర్టుల, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుల పాఠంలో ఒక మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండిపోతుంది. దాన్ని 'అధికారి రక్షణ' అంటారు. సర్కారు ఉద్యోగి ఒకడు మీకు అన్యాయం చేశాడనుకోండి. అచ్చం అలాంటి పనే తప్పని ఇదివరకు ఏ పెద్ద కోర్టయినా చెప్పి ఉంటేనే వాడి మీద దావా నడుస్తుంది. చెప్పి ఉండకపోతే వాడు ఇంటికి, మీరు శ్మశానానికి. చట్టసభలో ఎవరూ ఓటేసి చేసిన చట్టం కాదిది, జడ్జీలే అల్లుకున్నారు. పుస్తకంలో దీనికి రెండు వాక్యాలు ఉంటాయి. మా ఇంట్లో ఒక సమాధి ఉంది.

మా చెల్లెలు వెర్నా కొడుకు టోబిన్ సోర్బీకి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. పొద్దునా రాత్రీ మాత్రలు వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ధాన్యం గోదాములో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో కుర్చీలు సర్దేవాడు. ఏదో ట్రాఫిక్ కేసుకి వాయిదా రోజున వెళ్ళడం మర్చిపోయాడని ఒక శుక్రవారం టాలివర్ కౌంటీ జైల్లో వేశారు. జేబులో ఉన్న మాత్రల సీసాని జైలరు తీసి సొరుగులో పడేశాడు. టోబిన్ అడిగాడు. వెర్నా ఫోన్ చేసి అడిగింది, ఆ తర్వాత తనే వెళ్ళి జైలు కిటికీ దగ్గర నిలబడి, మాత్రలు ఆగితే ప్రాణం మీదికొస్తుందని చెప్పి అడిగింది.

"నర్సు సోమవారం వస్తుందమ్మా. ఆమె చూసి ఇస్తుంది. రూలు ఒప్పుకోదు" అన్నాడు జైలరు.

నర్సు సోమవారమే వచ్చింది. మావాడు ఆదివారం పోయాడు.

జైలు నడిపే కౌంటీ సర్కారు తరఫు బీమావాళ్ళు డబ్బిస్తామని కబురు పెట్టారు. తప్పు జరిగిందని మాత్రం ఒప్పుకునేది లేదని కాగితంలో రాసుకొచ్చారు. "తప్పే అని ఒక్క ముక్క రాయమనండి, నాకు సెంటు కూడా వద్దు" అంది వెర్నా. ఆ ఒక్క ముక్క తప్ప ఎంతైనా ఇస్తామన్నారు. అందుకే దావా వేసింది.

మా లాయరు హాల్వర్సన్ నెమ్మదైన మనిషి. వెర్నా వంటింట్లో కూర్చుని, ఆమె చేసిన యాపిల్ పై ముక్క తింటూ సంగతంతా విడమర్చి చెప్పాడు.

"కోర్టు ముందు రెండు ప్రశ్నలు ఉంటాయమ్మా. జైలరు చేసింది రాజ్యాంగం ప్రకారం తప్పా, కాదా అనేది మొదటిది. అది తప్పని ఇదివరకే తీర్పు ఉందా, లేదా అనేది రెండోది. రెండోదానికి 'లేదు' అంటే మన కేసు పోయినట్టే."

"పోతే పోయింది. మొదటిదానికి 'తప్పే' అని రాస్తే?"

"అప్పుడు మనం ఓడినా, రేపు ఇంకో జైలరు 'నాకు తెలీదు' అనడానికి వీల్లేదు. మన తీర్పే అడ్డం వస్తుంది."

"అంటే ఇంకొకళ్ళ బిడ్డకి మాత్రలు ఇస్తారా?"

"ఇచ్చి తీరాలి."

"అయితే నాకదే కావాలి లాయర్ గారూ. గెలుపు లేకపోయినా పర్లేదు" అంది వెర్నా.

హాల్వర్సన్ పళ్ళెం పక్కకి జరిపాడు. "ఒక చిక్కుందమ్మా. మొదటి ప్రశ్న జోలికి పోకుండా రెండోదానికే జవాబు చెప్పి ముగించే హక్కు జడ్జీలకుంది."

"బావుంది! మా పిల్లలు మొదటి ప్రశ్న ఎగ్గొడితే నేను సున్నా వేస్తాను" అన్నాను.

"మీరు సుప్రీంకోర్టులో ఉండాల్సింది టీచర్ గారూ" అని నవ్వాడాయన. నేను నవ్వలేదు.

జిల్లా ఫెడరల్ జడ్జి మా మాట విన్నాడు. చాలా ఏళ్ళ కిందట ఇంకో జైల్లో చక్కెర జబ్బు మనిషికి ఇన్సులిన్ ఇవ్వకపోవడం తప్పని అప్పీల్ కోర్టు తీర్పు ఉంది. ఇన్సులిన్ ఆపడం తప్పయితే మాత్రలు ఆపడమూ తప్పే, కేసు నడవాల్సిందే అన్నాడు. మర్నాడే కౌంటీ అప్పీలుకి పరుగెత్తింది.

అప్పీల్ కోర్టులో సాక్షులు ఉండరు, జ్యూరీ ఉండదు. ఎత్తయిన బల్ల వెనక ముగ్గురు జడ్జీలు, వాళ్ళ ముందు లాయరు మాట్లాడడానికి ఒక స్టాండు, దాని మీద మూడు దీపాలు. పచ్చదీపం వెలిగితే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే నోరు మూసుకోవాలి. కొడుకు పోయిన తల్లికి అక్కడ మాట్లాడే హక్కు లేదు. వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు, అంతే.

మధ్యలో కూర్చున్న జడ్జి తల నెరిసిన ఆవిడ. మాట ఎంతో మెత్తన. "ఇన్సులిన్ సంగతి అందరికీ తెలుసు లాయర్ గారూ. మూర్ఛ మాత్రలు ఆపితే ప్రాణం పోతుందని ఒక మామూలు జైలరుకి ఎలా తెలుస్తుంది?"

వాళ్ళమ్మ కిటికీ దగ్గర నిలబడి చెప్పింది కదమ్మా, అని అరవబోయాను. వెర్నా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. హాల్వర్సన్ ఆ మాటే చెప్పాడు, బాగానే చెప్పాడు. అంతలో పసుపు దీపం వచ్చింది.

"ఇంకొక్కటి అడుగుతాను" అందావిడ. "మేము మొదటి ప్రశ్నలోకి వెళ్ళకుండా రెండోదానితోనే దీన్ని తేల్చవచ్చు కదా. మీకేమైనా అభ్యంతరమా?"

మా ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్ళకి ఒక జబ్బుంది. ఎదుటివాళ్ళు ఏమడిగినా 'మీ ఇష్టమండీ' అంటాం. కడుపు కాలిపోతున్నా, భోజనానికి లేవమంటే 'ఎందుకులెండి మీకు శ్రమ' అంటాం. పళ్ళెంలో ఆఖరి ముక్కని ఎవరూ తీసుకోరు, అది అలాగే ఎండిపోతుంది. కాదు అనడమంటే మాకు మనిషిని కొట్టడంతో సమానం. అలాంటిది, నల్లగౌను తొడుక్కుని పైన కూర్చున్న పెద్దావిడతో కాదని ఎవరంటారు?

"అది కోర్టువారి ఇష్టం, యువరానర్" అన్నాడు హాల్వర్సన్.

ఎర్రదీపం వెలిగింది. ఆయన కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

వరండాలోకి రాగానే నేను ఆయన మీద పడ్డాను. "నోరు పడిపోయిందా నీకు? అభ్యంతరం ఉంది, మొదటిదానికి జవాబు చెప్పాల్సిందే అనలేవూ? ఆ ఒక్క ముక్క కోసమే కదయ్యా ఇంత దూరం వచ్చింది!"

"జడ్జి గారికి కోపం తెప్పిస్తే రెండోది కూడా పోతుందేమోనని..." అన్నాడు.

"ఆవిడకి కోపం రాకూడదు. మాకు మాత్రం బిడ్డలు పోవచ్చు!"

"అక్కా, ఊరుకో" అంది వెర్నా. "ఆయన్నని ఏం లాభం? ఆ కిటికీ దగ్గర నేను మాత్రం ఏమన్నాను? 'సరేలెండి, సోమవారం దాకా చూస్తాం' అన్నాను. థాంక్యూ కూడా చెప్పానే."

తీర్పు ఎండాకాలంలో వచ్చింది. నాలుగు పేజీలు కూడా లేదు. మూర్ఛ మాత్రలు ఇవ్వకపోవడం తప్పని స్పష్టంగా చెప్పిన పాత తీర్పు ఏదీ లేదు, కాబట్టి జైలరుకి రక్షణ ఉంది. మొదటి ప్రశ్నలోకి వెళ్ళనవసరం లేదు, మా తరఫు లాయరుకి అందులో అభ్యంతరం కూడా లేదు. ఇదీ అందులో ఉన్నది. సుప్రీంకోర్టుకి వెళ్ళాం. అక్కడ కారణం కూడా చెప్పకుండా ఒక్క ముక్కలో మొహం మీద తలుపేశారు. అప్పీల్ కోర్టులో ఆ ముగ్గురు జడ్జీలు, జీవితాంతం ఉండే ఉద్యోగాలు, ఎవడికీ భయపడక్కర్లేదు. నిర్భయంగా తీర్పు చెప్పాలనే వాళ్ళకి ఆ ఉద్యోగం అలా ఇచ్చారని నేను పిల్లలకి పాఠం చెబుతాను. అంత ధైర్యం ఇచ్చి కూర్చోబెడితే, ఒక తల్లి అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి వాళ్ళకి నోరు రాలేదు.

రెండేళ్ళు గడిచాక వెర్నాకి నాడీన్ ప్రోక్టర్ అనే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళది నది అవతలి కౌంటీ. ఆమె కూతురు కూడా జైల్లోనే పోయింది. అదే మూర్ఛ, అవే మాత్రలు, అదే సొరుగు. పేపర్లో మా కేసు గురించి చదివిందట.

"విచారణ రోజున మీరు నా పక్కన కూర్చుంటారా? నాకింకెవరూ లేరండీ" అని అడిగింది.

"వస్తానమ్మా, తప్పకుండా వస్తాను" అంది వెర్నా. "మా వాడి కేసు ఉంది కదా. అలా జరిగిందని ఇప్పుడు అందరికీ తెలుసు. ఈసారి తెలీదని ఎలా అంటారు?" చాలా రోజుల తర్వాత దాని మొహంలో కాస్త కళ చూశాను. టోబిన్ చావు ఒకళ్ళకైనా పనికొస్తుందని నమ్మింది. నాకు అనుమానంగానే ఉన్నా, ఆ మొహం చూసి ఏమీ అనలేకపోయాను.

కోర్టులో నాడీన్‌కి ఒకవైపు వెర్నా, ఇంకోవైపు నేను కూర్చున్నాం. ఆ కౌంటీ లాయరు లేచాడు. కుర్రవాడే, కోటు గుండీలు పెట్టుకుంటూ మొదలుపెట్టాడు.

"యువరానర్, సోర్బీ కేసు చూడండి. ఇవే మాత్రలు, ఇలాంటి జైలే. ఇది తప్పని చెప్పిన తీర్పేదీ లేదని మన అప్పీల్ కోర్టే అంది. అంతా చూశాక కూడా తప్పని తాను చెప్పలేదు. అంత పెద్ద జడ్జీలే చెప్పని సంగతి మా జైలరుకి ఎలా తెలుస్తుంది?"

జడ్జి తల ఊపి ఏదో రాసుకున్నాడు. నాడీన్ లాయరు లేచి ఇన్సులిన్ కేసు పేరెత్తాడు. "దానికి సోర్బీ కేసులోనే జవాబు వచ్చేసింది కదా" అన్నాడు జడ్జి.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. రక్షణ ఉందన్నారు, దావా కొట్టేశారు. బయట మెట్ల మీద నాడీన్ ఆగి వెర్నా వైపు తిరిగింది.

"లోపల వాళ్ళు చూపించింది మీ కేసునే కదా?"

"మాదే. నా కొడుకుదే" అంది వెర్నా. "వాడి చావు చూపించి నీ బిడ్డ చావుని కొట్టేశారమ్మా. ఇంకెవరికీ జరక్కూడదనే నేను కోర్టుకెక్కాను. ఎక్కకుండా ఉంటే వాళ్ళ చేతికి ఆ తీర్పు దొరికేది కాదు."

నాడీన్ దాన్ని తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటేనే బావుండేది. ఆమె వెర్నా చెయ్యి పట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఇక మా అమ్మాయి కేసుని ఎవరి బిడ్డ మీద చూపిస్తారండీ?"