తొవ్వకు అడ్డం తునికి కొమ్మ

ఎర్రగుంట తండోళ్లకు అడివిల బోర్డులతోని పనిలేదు. ముంగట పోయేటోడు ఏదన్న తొవ్వల ఆపద చూస్తే ఇంత తునికి కొమ్మ విరిచి అడ్డం ఏసి పోతడు. ఎనక వచ్చేటోళ్లు దాన్ని చూసి ఇంకో తొవ్వ పడ్తరు. ఎందుకేసినవ్, ఏమున్నదక్కడ అని అడిగేది లేదు. కొమ్మ ఉంటే పోవద్దు, లేకుంటే పోవచ్చు, గంతే. ఆపద పోయినంక దాన్ని తీసే హక్కు గూడ ఏసినోడిదే, వేరేటోడు చెయ్యి పెట్టొద్దు. తాతల కాడికెళ్లి ఇదే రివాజు.

ఎనభై ఆరుల పాల్వంచ అవతల వాగు ఒడ్డున పార్కు కడ్తమని సర్కారోళ్లు వచ్చిన్రు. కట్టుడేంది, నా మొకం, అడివికి గేటు పెట్టుడు! చెట్లు ఎప్పటివో, వాగు ఎప్పటిదో. నడుమ ఇంత ఎర్రమట్టి పోసి, రెండు దిక్కుల సున్నం పూసిన రాళ్లు పెట్టి, ఇది నడిచే తొవ్వ అన్నరు. పాల్వంచ కాలనీలోళ్లు ఆదివారం పిల్లాజెల్లలతోని వచ్చి నడుస్తరంట. తండా ఆడోళ్లకు నవ్వాగలే. "నడిచేటందుకు టికెట్ కొంటరానే!" అని కొంగులు నోట్ల కుక్కుకున్నరు. నవ్వితే నవ్విన్రు గానీ, ఇంటికొకరికి కూలి దొరికింది.

గోప్యా ఆ పనిల చేరిండు. వయసు పిలగాడే, పెండ్లాం కమ్లి, ఇంక పిల్లల్లేరు. తల్లిదండ్రి పోయినంక అతన్ని సాకింది అన్న హాతీరాం. హాతీరాంకు అడివిల తిరగకుంటే పొద్దు పోదు, ఇప్పసారా చుక్క పడకుంటే నిద్ర పట్టదు. తాగుతడన్న మాటే గానీ ఒకరి జోలికి పోయే మనిషి కాదు.

పార్కుకు ఒక వాచర్‌ను పెట్టుకుంటరని మజహర్ చెప్పిండు. మజహర్ పాల్వంచ మనిషి, కాంట్రాక్టరు దగ్గర మేస్త్రి. మాట గరుకు, మనసు మెత్తన. "పెద్దసారు వచ్చిన నాడు నీ పేరే చెప్తరా గోప్యా. నెల జీతం, ఖాకీ చొక్కా. ఐష్ చెయ్యి" అన్నడు. ఆ చొక్కా గోప్యాకు కలల్ల గూడ రావట్టింది.

సారు వచ్చే దినం రానే వచ్చింది. ఇప్పపువ్వు రాలే కాలం. పొద్దుగాల్నే గోప్యా తొవ్వ ఊడ్చుకుంట పోతుంటే, రెండు తొవ్వలు చీలే కాడ, కొత్త బోర్డు కింద తునికి కొమ్మ కనపడ్డది. కుడి దిక్కు ఎర్రమట్టి తొవ్వ, చుట్టు తిరిగి వాగుకు పోతది. ఎడమ దిక్కు బండల నడుమ పాత తొవ్వ, అదీ వాగుకే, కాకుంటే దగ్గర. కొమ్మ బండల తొవ్వకు అడ్డం ఉన్నది. అన్న విరిచిన తీరు తమ్మునికి తెల్వదా? నాలుగడుగులు లోపలికి పోయి చూసిండు. మట్టిల గుడ్డెలుగు జాడలు, పక్కపొంటి పిల్లల జాడలు. రాత్రంత ఇప్పపువ్వు తిని బండల్ల పండుకున్నట్టున్నది. పిల్లల తల్లి గుడ్డెలుగంటే ఇగ యముడే.

మర్లి బోర్డు కాడికి వచ్చేసరికి మజహర్ కేకేసిండు. "అరే గోప్యా! బోర్డు ముంగట ఆ చెత్త ఏంది? జల్దీ తీసెయ్, సారు ఈడ ఫోటో దిగుతడు."

గోప్యా కొమ్మ దిక్కు, బండల దిక్కు చూసిండు. చెప్తే మజహర్ విననోడు కాదు. కానీ గుడ్డెలుగు మాట బయటపడితే సారు జీపు గేటు కాడికెళ్లే మర్లుతది. పార్కూ ఆగుతది, నౌకరీ ఆగుతది. సార్లు పోయేది ఎర్రమట్టి తొవ్వల్నే గదా, వాళ్లు దాటంగనే మళ్ల ఏస్త అనుకున్నడు. కొమ్మను తీసి పొద ఎనక దాసిండు.

సారు వచ్చిండు, ఫోటో దిగిండు. గోప్యా ఎనకకు జరుగుతుంటే, "నువ్వు ముందు నడువయ్యా, చెట్ల పేర్లు చెబుదువు గానీ" అన్నడు. ఇగ తప్పుతదా? నడుస్తుండు గానీ పాణమంత బోర్డు కాడనే ఉన్నది. పగటాల కమ్లి వాగు కాడికి రొట్టెలు తెస్తది.

"సారూ, ఒక్కపాలి గట్ల పోయొస్త" అన్నడు.

"ఎక్కడికి? ఇదేం చెట్టు?"

"నల్లమద్ది సారూ."

"మరి అది?"

"ఏగిస సారూ."

వాగు కాడ సారు అతని భుజం మీద చెయ్యేసి, "వాచర్‌గా ఇతన్నే పెట్టండి" అన్నడు. అగో, ఆ మాటకు గోప్యా గాలిల తేలిండు. మజహర్ కన్ను గీటిండు. ఎవరో చాయ్ గిలాస చేతిల పెట్టిన్రు. ఖాకీ చొక్కా ఏసుకొని కమ్లి ముంగట నిలబడ్డట్టు కండ్లల్ల మెదిలింది. ఆ చాయ్ తాగేటంత సేపు కొమ్మ సంగతి మర్సిండు.

అప్పుడు బండల్లకెళ్లి కేక వినపడ్డది. కమ్లి గొంతు.

పాపం, కమ్లి చేసిన తప్పేంది? సద్ది మూట పట్టుకొని చీలిక కాడికి వచ్చింది. ఎర్రమట్టి తొవ్వ నిండ సార్లు, వాళ్ల మనుషులు. గంతమంది మొగోళ్ల నడుమకెళ్లి పోవుడెందుకని ఎడమ దిక్కు చూసింది. కొమ్మ లేదు. లోపలికి పోయింది. రివాజు తెల్వనోళ్లయితే నిలబడి కేకేద్దురు, ఎవరన్న ఉన్నరా అని అడుగుదురు. కమ్లికి తెలుసు గనుకనే అడగలే.

అందరు కట్టెలు పట్టుకొని ఉరికిన్రు, గుడ్డెలుగు పిల్లల్ని తీసుకొని పోయింది. సారు జీపుల్నే కమ్లిని దవాఖానకు తోల్కపోయిన్రు. పాణం నిలిచింది గానీ కండ్లు రెండూ పోయినయ్. ఆ పొద్దుమూకి గోప్యా పొద ఎనకకు పోయి, వాడిన కొమ్మను తెచ్చి వాగుల పారేసిండు. ఏడ్సుకుంటనే పారేసిండు.

తండాల పంచాయితి కూసున్నది. తండా పెద్ద సోమ్లా నాయక్ హాతీరాంను అడిగిండు. "పొద్దుగాల ఆ తొవ్వల పోయింది నువ్వే గదా, గుడ్డెలుగు జాడ చూడలేదా?"

"చూసిన నాయక్. కొమ్మ ఏసిన."

"ఏస్తే ఏడ పోయింది? రెక్కలొచ్చినయా?"

హాతీరాం తమ్ముని దిక్కు చూసిండు. "గోప్యా, నా ఎనక వచ్చింది నువ్వేనాయె. చెప్పురా, కొమ్మ ఉండె గదా?"

గోప్యా తలకాయ వంచి, "నేను చూసేసరికి ఏం లేదన్నా" అన్నడు.

గంతే, అందరి నోళ్లు లేసినయ్. ఇప్పసారా మత్తుల ఏసిన అనుకున్నవ్ పో, అన్నరు. ఆడపిల్ల బతుకు ఆగం చేసినవ్, అన్నరు. హాతీరాం ఆనాటి నుంచి సారా ముట్టలే, మంది మొకం చూడలే. ఒక్క గోప్యానే పట్టుకొని, "నిజంగ ఏయలేదారా తమ్మీ? నాకైతే విరిచినట్టే యాదికున్నది" అని అడిగేటోడు. గోప్యా లేదు లేదనుకుంట తప్పించుకునేటోడు.

ఇగ హాతీరాంకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. పొద్దు పొడవకముందే లేసి కనపడ్డ తొవ్వకల్ల కొమ్మలు ఏసుడు మొదలుపెట్టిండు. మంచి తొవ్వ లేదు, చెడ్డ తొవ్వ లేదు. వాగుకు ఏసిండు, గేటుకు ఏసిండు, ఆఖరికి తన గడపకు గూడ ఏసుకున్నడు. పార్కుకు జనం వచ్చేలోపు వాటిని తీసుడు వాచర్ పని. వాచర్ ఎవరు? ఖాకీ చొక్కా ఏసుకున్న గోప్యా. రోజూ అన్న ఏసిన కొమ్మలు తమ్ముడు తీసుడే.

వానలు పడ్డంక మజహర్ రొట్టెలు, పండ్లు పట్టుకొని కమ్లిని చూడొచ్చిండు. గోప్యా డ్యూటీల ఉన్నడు. ఏం మాట్లాడాల్నో తెల్వక, మొగుణ్ణి మెచ్చుకుంటే సంబురపడ్తది అనుకున్నడు.

"నీ మొగుడు మస్తు పనిమంతుడు బిడ్డా. ఆ దినం బోర్డు ముంగట ఇంత పెద్ద తునికి కొమ్మ అడ్డమున్నది. జల్దీ తీసెయ్ అన్న. మారుమాట లేకుండ తీసి సాఫ్ చేసిండు."

కమ్లి చాయ్ గిలాస కింద పెట్టింది. "ఎడమ దిక్కు తొవ్వ మీదనా భాయ్?"

"అవ్, ఎడమ దిక్కే."

పొద్దుమూకి గోప్యా ఇంటికొచ్చిండు. కమ్లి గోడకు ఒరిగి కూసున్నది. "ఇయ్యాల గూడ బావ కొమ్మలు తీసినవా?" అన్నది.

"తీసిన. డ్యూటీ గదా."

"ఆ దినం తీసినట్టేనా?"

కమ్లి తిట్టలే, శాపాలు పెట్టలే. "నన్ను తినేసినవ్, సరే, నీ పెండ్లాన్ని. నిన్ను సాకినోణ్ణి ఎందుకు తిన్నవ్?" అన్నది. కట్టె తడుముకుంట లేసి బయటికి నడిచింది. గోప్యా ఎనక ఎనకనే పోయిండు, చెయ్యి పట్టబోతే గుంజుకున్నది.

హాతీరాం గడప ముంగట కట్టెకు కొమ్మ తగిలింది. కమ్లి వంగి ఆకులు తడిమింది. దాటలే, రివాజు తప్పలే. ఆడనే నిలబడి తండా అంత వినేటట్టు కేకేసింది.

"బావా! ఆ దినం నువ్వు కొమ్మ ఏసినవే! తీసింది నా మొగుడే!"

హాతీరాం బయటికొచ్చి తమ్ముని దిక్కు చూసిండు. రెండు చేతులు ముంగటికి పెట్టుకొని చూసుకుంట, "ఏసిననే నేను, ఏసిననే" అని పసిపిల్లగాని లెక్క ఏడ్సిండు. ఏడ్సి ఏడ్సి, తన గడప కాడి కొమ్మను తనే తీసి, కమ్లి చెయ్యి పట్టి లోపలికి తీసుకపోయిండు.

తెల్లారి పార్కుల ఏ తొవ్వ మీదా కొమ్మ లేదు. గోప్యా ఆ సంగతి చూడనే లేదు. డ్యూటీకి పోదామని తలుపు తీసేసరికి, తన గడపకు అడ్డం పచ్చి తునికి కొమ్మ ఉన్నది. అన్న విరిచిన తీరే. బిందెలు పట్టుకొని నీళ్లకు పోయే ఆడోళ్లు దాన్ని చూసి పక్కకు జరిగి పోతున్నరు.

పొద్దు నెత్తి మీదికి వచ్చినా గోప్యా దానికి చెయ్యి పెట్టలే.