ఒకే కుటుంబం

మూడింటికల్లా ఇంట్లో ఉండాలని, గది అద్దెకిచ్చిన ఇంటాయన ఫోన్ చేసేసరికి ఆమె చొక్కాలకు కాలర్లు కుడుతోంది. ఇంకా నలభై కాలర్లు మిగిలున్నాయి. లేచి వెళితే పూట జీతం కోస్తానన్నాడు సూపర్‌వైజరు. కోస్తే కోసుకోమని మిషను ఆపి వచ్చేసింది. వెళ్లకపోతే గది పోతుంది. జీతంలో సగం మింగే ఆ గదిలో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అయినా ఆ ఊళ్లో దానికన్నా చవగ్గా దొరికేది చెట్టు నీడ ఒక్కటే.

ఆమె వచ్చేసరికి వంటగదిలో పాఠం మొదలైపోయింది. ఇంటాయన మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నడుముకు వేలాడే తాళాల గుత్తి కుర్చీ కోడుకు తగిలి గలగలమంటోంది. ఆరు గదుల్లోని జనం బడిపిల్లల్లా ఎదురుగా నిలబడ్డారు.

"ఆలస్యంగా వచ్చావేం, పెద్ద కోడలా," అన్నాడు ఆమెను చూసి.

ఏడాదికోసారి నగర కార్యాలయం నుంచి తనిఖీకి వస్తారు. ఏ సంబంధమూ లేనివాళ్లకు ఒకే ఇంట్లో గదులు విడివిడిగా అద్దెకిస్తే యజమాని అనుమతి పత్రం తీసుకోవాలి. వైర్లు బాగుచేయించాలి, పొగ వస్తే మోగే గంట పెట్టించాలి, బయటికి పోయే రెండో దారి తెరిచి ఉంచాలి. అదే ఇల్లు మొత్తం ఒకే కుటుంబానికిస్తే వీటిని అడిగే నాథుడుండడు. ఇంటాయన బుర్ర పాదరసం. ఖర్చు పెట్టడం ఎందుకని ఒక కుటుంబాన్నే పుట్టించాడు. పై గదిలో ఉంటూ క్యాంటీనులో గిన్నెలు తోమే ముసలామె అత్తగారు. గోడలకు రంగులేసే అతను ఆవిడ చిన్న కొడుకు. కుట్టుపని చేసే ఈమె పెద్ద కోడలు. పెద్ద కొడుకు ఓడ మీద పనిచేస్తాడట. లేని మొగుడికి ఉద్యోగం కూడా ఇంటాయనే వేయించాడు. మిగతా గదులవాళ్లు బాబాయిలూ పిన్నులూ.

మూడేళ్లుగా ఈ నాటకం నడుస్తోంది. నడిచి నడిచి అది వాళ్ల ఒంటికి పట్టేసింది. తనిఖీ లేని రోజుల్లో కూడా ముసలామె ఆమెను కోడలా అనే పిలుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి రావడం ఆలస్యమైతే తిండి మూతపెట్టి ఉంచుతుంది, తినేదాకా సణుగుతుంది. నా అన్నవాళ్లు లేని ఆమెకు ఆ సణుగుడు వినకపోతే ముద్ద దిగదు. అత్తా అని పిలవడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

తొమ్మిది రోజుల కిందట పొద్దున్నే మెట్ల కింద స్విచ్చుబోర్డు భగ్గుమంది. క్షణాల్లో ఇల్లంతా పొగ నిండింది. అందరూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు. దానికి తాళం. అవతలి వసారాలో ఇంటాయన తన దుకాణం పరుపులు దాచుకుంటాడు, మనుషుల ప్రాణాలకన్నా అవి ముద్దు ఆయనకి. ముసలామెను వీపున వేసుకుని ఆమె మండుతున్న బోర్డు పక్కనుంచే వీధి గుమ్మం దాటింది. ఆ రోజు పట్టుకున్న దగ్గు ముసలామెను ఇంకా వదల్లేదు. ఇంకోసారి ఇలాంటి పొగ పీలిస్తే ఆవిడ బతకదని డాక్టరు కుండబద్దలు కొట్టి చెప్పాడు. ఇంటాయన కాలిన వైర్లకు టేపు చుట్టించాడు. నల్లబడిన గోడకు తెల్లరంగు వేయించాడు, అదీ ఈ రంగులతని చేతే, కూలి ఇవ్వకుండా.

"ఎవరైనా నోరు జారారంటే ఇల్లు సీలు వేస్తారు," అన్నాడు ఇంటాయన లేస్తూ. "అప్పుడు మీ మూటాముల్లే రోడ్డు మీద ఉంటాయి. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

తనిఖీకి వచ్చింది నడివయసు మనిషి, నవ్వు మొహం కాదు. గదులు చూసింది, పేర్లు రాసుకుంది, వంటగదిలో ఆగింది. అంతవరకూ అంతా సాఫీగానే సాగింది. అప్పుడు రంగులతను మర్యాదకు పోయి, కుట్టుపని ఆమెతో, "అక్కా, మేడంగారికి ఆ కుర్చీ ఇటియ్యి," అన్నాడు.

అధికారి కాగితం మీంచి తలెత్తింది. "అన్న భార్యని అక్కా అంటావా నువ్వు?"

అదేదో చిన్నప్పటి అలవాటని, దూరపు చుట్టరికమని ఇంటాయన అల్లుకుపోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. మెట్ల కిందికి వెళ్లి తెల్లరంగు మీద గోరుతో గీసింది. అడుగున మసి కనిపించింది. వెనక తలుపు లాగి చూసింది, కదల్లేదు. తాళంచెవి అడిగితే మా ఇంట్లో ఉండిపోయిందన్నాడు ఇంటాయన.

అధికారి తిరిగొచ్చి కుట్టుపని ఆమె ముందు నిలబడింది.

"చూడమ్మా. మీరంతా ఒకే కుటుంబమైతే నేను రాసేదేం లేదు, వెళ్లిపోతాను. అద్దెకున్నవాళ్లయితే ఆ వైర్లు, ఆ తలుపు ఈయన బాధ్యత, నెలలోగా బాగుచేయించి తీరాలి. ఈ పెద్దావిడ మీకేమవుతారు?"

నిజం చెబితే మమ్మల్ని ఖాళీ చేయిస్తారా అని ఆమె అడిగింది. చేయించకూడదని చట్టం ఉంది, కానీ ఆయన ఊరుకుంటాడని నేను మాటివ్వలేనంది అధికారి. ఆ మాట ఆమెకు నచ్చింది. ఈ మధ్య ఆ ఇంట్లో ఎవరైనా ఆమెతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి.

మూల పీటమీద కూర్చున్న ముసలామె దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఇంటాయన తల ఆడించాడు, చెప్పు అన్నట్టు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఈవిడ నాకేమీ కాదు," అంది.

అన్నాక ముసలామె వైపు చూసే ధైర్యం చాల్లేదు. "నేనూ ఆవిడకేమీ కాను. అతను నాకు మరిదీ కాదు, తమ్ముడూ కాదు. నాకసలు పెళ్లే కాలేదు. ఎవరి గదికి వాళ్లం అద్దె కడుతున్నాం. తొమ్మిది రోజుల కిందట ఆ బోర్డు అంటుకుంది, ఆ తలుపుకు తాళం ఉంది."

అధికారి రాసుకుంటోంది. ఇంటాయన మొహం కందగడ్డ అయింది.

"పొద్దుగూకేలోపు నీ గది ఖాళీ చెయ్యాలి. విన్నావా?"

"చెయ్యను," అంది ఆమె. "ముందు ఆ తలుపు తియ్యండి. మీ నడుముకున్న గుత్తిలో పొట్టి తాళంచెవి దానిదే."

ఇంటాయన చెయ్యి తనకు తెలియకుండానే గుత్తి మీదికి పోయింది. అధికారి రాయడం ఆపి ఆ చేతివైపు చూసింది. ముసలామె గోడ పట్టుకుని లేచి నిలబడింది, మెల్లగా అడుగులేసుకుంటూ వెనక తలుపు దాకా వెళ్లి అక్కడ ఆగింది.

"రా కోడలా," అంది దగ్గు మధ్యలోంచి. "ఈయన తాళం తీసేదాకా ఇక్కడే నించుందాం."